పంపని ఉత్తరం: గొంతులో ఆగిపోయిన మాటల్ని రాసి వదిలేయడం ఎలా

చెప్పాల్సిన మాట చెప్పకుండానే ఒక్కోసారి మనిషి వెళ్ళిపోతాడు. ఇంకోసారి మనిషి ఎదురుగానే ఉంటాడు గానీ చెబితే వినడు, విన్నా ఒప్పుకోడు, గట్టిగా అడిగితే ఇంట్లో పెద్ద గొడవవుతుంది. కొన్నిసార్లు తప్పు మనదే అయి ఉంటుంది, క్షమించమని అడగడానికి మొహం చెల్లదు. ఇలాంటి మాటలు లోపలే ఉండిపోయి స్నానం చేస్తున్నప్పుడు, బండి నడుపుతున్నప్పుడు, రాత్రి లైటు ఆర్పాక బుర్రలో తిరుగుతూనే ఉంటాయి. వాటిని ఒక ఉత్తరంగా రాసి, ఎవరికీ పంపకుండా, ఒక చిన్న క్రతువులా మొదలుపెట్టి క్రతువులాగే ముగించడం ఎలాగో ఇక్కడ వరసగా చెబుతాను. రాయడం వరకు చాలామందికి తెలుసు, డైరీ అలవాటున్నవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు రాసే ఉంటారు. రాసే ముందు ఏం చేయాలి, రాశాక ఆ కాగితాన్ని ఏం చేయాలి, ఆ తర్వాత గంట ఎలా గడపాలి అన్న సంగతులే ఎవరూ చెప్పరు. నా దృష్టిలో సగం పని అక్కడే ఉంది.

ఇది కొత్తగా పుట్టిన పద్ధతేం కాదు. 1863లో, అమెరికా అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ యుద్ధం గెలిచాక కూడా తన సేనాని జనరల్ మీడ్ శత్రు సైన్యాన్ని తప్పించుకుపోనిచ్చాడని అబ్రహాం లింకన్ విపరీతంగా బాధపడ్డాడు. జులై 14న మీడ్‌కి ఉత్తరం రాశాడు, తనకెంత కష్టం కలిగిందో దాచుకోకుండా రాశాడు, కానీ పంపలేదు. పంపలేదనీ, సంతకం కూడా చేయలేదనీ కవరు మీద తనే రాసిపెట్టుకున్నాడు. భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ సంగతి ఇంకోటి. ఆయన భార్య ఆర్లీన్ 1945 జూన్‌లో క్షయతో పోయింది. ఏడాది దాటాక, 1946 అక్టోబరులో, ఆమెకే ఉత్తరం రాశాడు, పోస్టు చేయనందుకు ఏమనుకోవద్దని, నీ కొత్త అడ్రసు తెలీదని ఆఖర్న రాసి పక్కన పెట్టేశాడు. 1988లో ఆయన పోయాక అది బయటపడింది. ఫైన్‌మన్ దేవుణ్ణి నమ్మేవాడు కాదు. అయినా లేని మనిషికి రాయకుండా ఉండలేకపోయాడు, కాబట్టి 'నాకు భక్తి లేదు, ఇది నాకు పనికొస్తుందా' అనే సందేహం మీకుంటే పక్కన పెట్టేయండి.

రాస్తే ఏమవుతుంది అనేదాన్ని శాస్త్రవేత్తలు కూడా పరీక్షించారు. మనస్తత్వ పరిశోధకులు జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ 1986లో ప్రచురించిన అధ్యయనంలో కాలేజీ విద్యార్థులు వరసగా 4 రోజులు, రోజుకి 15 నిమిషాలు, తమని బాగా కుదిపేసిన అనుభవం గురించి రాశారు. జరిగిన విషయాన్నీ, దాని వల్ల కలిగిన బాధనీ రెండూ కలిపి రాసినవాళ్ళు ఆ తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి వెళ్ళడం తగ్గింది. అయితే రాసిన వెంటనే వాళ్ళకి హాయిగా అనిపించలేదు, ఇంకా దిగులుగా అనిపించింది. ఈ ముక్క బాగా గుర్తుపెట్టుకోండి, మొదటిరోజు రాశాక ఏడుపొచ్చి, ఇది నాకు పడలేదని వదిలేసేవాళ్ళు చాలామంది ఉంటారు. తర్వాత ఇలాంటి పరిశోధనలు ఎన్నో జరిగాయి, అన్నీ కలిపి సగటు తీస్తే లాభం చిన్నదే గానీ ఉంది. అద్భుతాలు జరుగుతాయని నేను చెప్పను. ఏళ్ళ తరబడి మోస్తున్న ఒక బరువు కొంచెం దిగినా అది తక్కువ సంగతేం కాదని మాత్రం గట్టిగా నమ్ముతాను.

ముందు ఇది చూసుకోండి: ఇప్పుడే రాయకూడని వాళ్ళు

మనిషి పోయి కొద్ది రోజులే అయితే, విడిపోయిన గాయం ఇంకా పచ్చిగా ఉంటే, ఇప్పుడు వద్దు. తిండి, నిద్ర, పక్కన ఒక మనిషి, ముందు అవి కావాలి. కొన్ని వారాలు గడవనివ్వండి.

దాడి, లైంగిక హింస, చిన్నతనంలో అనుభవించిన వేధింపులు లాంటివి ఇప్పటికీ కళ్ళ ముందు జరుగుతున్నట్టే కనిపించి ఒళ్ళు వణికేవాళ్ళు ఒంటరిగా రాయకండి. సైకాలజిస్టు దగ్గర, వాళ్ళ సాయంతో రాయండి. చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తుంటే ఉత్తరం సంగతి తర్వాత, ఈ రోజే ఒక మనిషితో మాట్లాడండి, డాక్టరుతో గానీ హెల్ప్‌లైన్‌తో గానీ.

మూడో రకం వాళ్ళకి ఈ జాగ్రత్త ఎవరూ చెప్పరు. 'ఎందుకిలా జరిగింది, నేనేం తప్పు చేశాను' అని పొద్దస్తమానం తవ్వుకుంటూ ఉండేవాళ్ళు వీళ్ళు. మనస్తత్వ పరిశోధకుడు డేవిడ్ స్బారా బృందం 2013లో, భర్త నుంచో భార్య నుంచో ఈమధ్యే విడిపోయినవాళ్ళ మీద ఒక అధ్యయనం ప్రచురించింది. అర్థం కోసం అదేపనిగా వెతుక్కునే స్వభావం ఉన్నవాళ్ళకి మనసులోని బాధ రాయడం కన్నా రోజులో ఏమేం చేశారో మామూలుగా రాసుకోవడమే నయమనిపించింది. మీరు ఆ కోవలోకి వస్తారనుకుంటే రోజూ పేజీలకి పేజీలు రాయకండి. ఒకే ఒక్క ఉత్తరం, టైము పెట్టుకుని, ముగింపుతో సహా ఒకే పూటలో పూర్తి చేయండి.

మొదటి అడుగు: ఒక్క మనిషి, ఒక్క విషయం

ఉత్తరం ఎవరికన్నా కావచ్చు: చనిపోయిన అమ్మకి, మాట్లాడ్డం మానేసిన స్నేహితుడికి, వదిలేసి వెళ్ళిన మనిషికి, పుట్టకుండానే పోయిన బిడ్డకి, పదేళ్ళ వయసులో ఉన్న మీకు, దేవుడికి. దేవుడి మీద కోపం ఉంటే ఆ కోపంతోనే రాయండి, భయపడక్కర్లేదు. భక్తులు ఆయన్ని నిలదీయడం ఈ రోజు మొదలైంది కాదు.

ఒక ఉత్తరంలో ఒక్కరే ఉండాలి. అమ్మానాన్నలిద్దరికీ కలిపి రాయడం మొదలుపెడితే ఎవరి మీద కోపం ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో తెలీదు. పైగా నాన్నతో చెప్పాల్సింది అమ్మ వింటుందేమోనని రాతలో కూడా వెనక్కి తగ్గుతాం. విషయం కూడా వీలైతే ఒక్కటే.

ఇంకోమాట. మొట్టమొదటి ఉత్తరం మీ జీవితంలోని అతి పెద్ద గాయానికి రాయకండి. మధ్యరకం బాధ ఒకటి తీసుకోండి, మిమ్మల్ని అవమానించి మాట్లాడిన టీచరో, అప్పు తీసుకుని మొహం చాటేసిన ఫ్రెండో. పద్ధతి చేతికి అలవాటయ్యాక పెద్దదాని జోలికి వెళ్ళొచ్చు.

రెండో అడుగు: పంపనని ముందే సంకల్పం చెప్పుకోవడం

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, మొత్తం దీని మీదే నిలబడుతుంది. 'రాసి చూద్దాం, బాగుంటే పంపిద్దాం' అనుకుని కూర్చున్నారంటే మీ పక్కన ఆ మనిషి కూడా కూర్చున్నట్టే. ఈ మాటకి అతను ఏమంటాడో, ఇది చదివి వాళ్ళమ్మకి చూపిస్తాడేమో, నేను మరీ ఏడుపుగొట్టుదానిలా కనిపిస్తానేమో అని ప్రతి వాక్యాన్నీ సర్దుతూ పోతారు. చివరికి తయారయ్యేది వాదనే, అందులో మీరుండరు. పంపననే మాట ముందే ఖాయం చేసుకుంటే గెలవాల్సిన పని ఉండదు, న్యాయంగా రాయాల్సిన పని కూడా ఉండదు. అన్యాయంగా ఉన్నా సరే, అనిపించింది అనిపించినట్టు రాసుకోవచ్చు.

అందుకే పైకే అనండి, మీ మాటల్లో: 'ఈ ఉత్తరం ఫలానా మనిషికి రాస్తున్నాను, కానీ పంపను. నా మనసు తేలికపడటానికి రాస్తున్నాను.' రాశాక కాగితాన్ని కాల్చాలా, చించాలా, దాచాలా అనేది కూడా ఇప్పుడే అనుకోండి. రాశాక నిర్ణయిద్దామంటే ఆ క్షణంలో చేతులు ఆడవు.

కాగితం మీదే రాయండి. ఫోన్‌లో వద్దు, మెసేజ్ రాసే చోట అయితే అసలే వద్దు, వేలు జారితే అంతే సంగతులు. ఈమెయిల్‌లో రాసి డ్రాఫ్టుగా ఉంచుకోవడం కూడా అంతే ప్రమాదం, అర్ధరాత్రి రెండింటికి ఆ 'సెండ్' బటన్ చాలా దగ్గరగా కనిపిస్తుంది. చేతికి నొప్పి వల్లో, చూపు వల్లో రాయలేనివాళ్ళు నెట్ ఆపేసి టైప్ చేసుకోవచ్చు, లేదా రికార్డు చేసుకుని తర్వాత డిలీట్ చేయొచ్చు. డైరీలో రాయకుండా విడి కాగితాల మీద రాయడం మంచిది, డైరీ మీదగ్గరే ఉండిపోతుంది, విడి కాగితాన్ని మీ చేతుల్లోంచి పంపించేయొచ్చు.

మూడో అడుగు: కూర్చునే చోటు, వేళ, సాక్షి

తలుపు వేసుకోగలిగిన చోటు, 45 నిమిషాలు ఎవరూ పిలవని వేళ చూసుకోండి. రాయడానికి 15 నుంచి 20 నిమిషాలు, మిగతాది ముందూ వెనకా. పడుకునే ముందు మాత్రం రాయొద్దు, ఆ రాత్రి నిద్ర పట్టదు. పొద్దున లేచాక గానీ, సాయంత్రం వెలుతురుండగా గానీ బాగుంటుంది. ఇంటి నిండా మనుషులుండి చోటే దొరకని వాళ్ళు పార్కులో, గుడి మెట్ల మీద, ఆగి ఉన్న కారులో రాసుకోవచ్చు.

ఫోన్ పక్క గదిలో పెట్టండి. చేతులు కడుక్కోండి. దీపమో కొవ్వొత్తో వెలిగించండి, లేదంటే కిటికీ తెరవండి. ఆ మనిషి ఫొటోనో, వాళ్ళ వస్తువు ఏదన్నానో ఎదురుగా పెట్టుకోవచ్చు, కానీ మిమ్మల్ని హింసించిన మనిషి అయితే ఫొటో పెట్టొద్దు. కళ్ళు మూసుకుని నెమ్మదిగా కొన్ని శ్వాసలు తీసుకోండి, వదిలే ఊపిరి పీల్చే ఊపిరి కన్నా పొడుగ్గా ఉండాలి.

తర్వాత సాక్షిని పిలవండి. మామూలు డైరీ రాతకీ ఈ క్రతువుకీ తేడా ఇక్కడే వస్తుంది. సాక్షి అంటే మీరు నమ్మే దైవం కావచ్చు, పోయిన తాతయ్య కావచ్చు, ఏమీ నమ్మనివాళ్ళకి తమ అంతరాత్మే కావచ్చు. 'నేను చెప్పేది విను, తీర్పు చెప్పకు' అని అడగండి. అవతలి మనిషి ఎప్పటికీ వినకపోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు, కానీ మన బాధకి ఒక్కరన్నా సాక్షి కావాలని మనిషి కోరుకుంటాడు. జపాన్‌లోని అవాషిమా దీవిలో ఒక పాత పోస్టాఫీసుని 2013లో సయా కుబోటా అనే కళాకారిణి ఇలాంటి ఉత్తరాల కోసమే తెరిచింది. పోయినవాళ్ళకీ, ఎక్కడున్నారో తెలియనివాళ్ళకీ రాసిన ఉత్తరాలు అక్కడికి పోస్టులో వస్తాయి, అవి అక్కడే ఉంటాయి. ఎవరో ఒకరు అందుకున్నారన్న ఊరట కోసమే జనం అంత దూరం పంపిస్తున్నారు. ఇంట్లో రాసేటప్పుడు ఆ అందుకునే చెయ్యి మీరు పిలిచిన సాక్షిది.

నాలుగో అడుగు: రాయడం

ఆ మనిషిని మీరు నిజంగా ఎలా పిలుస్తారో అలాగే మొదలుపెట్టండి. 'ప్రియమైన నాన్నగారికి' అని ఏనాడూ అననివాళ్ళు అలా మొదలుపెడితే తర్వాత వచ్చే మాటలన్నీ పరీక్ష పేపర్లో వ్యాసంలా తయారవుతాయి. 'నాన్నా', 'ఒరేయ్', 'అక్కా', 'ఏమండీ', ఏది నోటికొస్తే అది. మీ యాసలోనే రాయండి. తిట్లొస్తే తిట్లు రాయండి. అచ్చుతప్పులు చూసుకోకండి, కొట్టివేయకండి, రాసిన పైవాక్యం మళ్ళీ చదవకండి. టైము అయ్యేదాకా పెన్ను ఆగకూడదు. ఏమీ తోచకపోతే 'ఏం రాయాలో తెలీట్లేదు' అనే రాయండి, రెండు మూడు లైన్లలో అసలు విషయం దానంతటదే వచ్చి కూర్చుంటుంది.

చాలా ఉత్తరాలు పెద్ద పెద్ద మాటల దగ్గరే ఆగిపోతాయి. 'నువ్వు నన్నెప్పుడూ పట్టించుకోలేదు', 'నా జీవితం నాశనం చేశావు'. అవి నిజమే కావచ్చు, కానీ ఎన్నిసార్లు రాసినా లోపల ఏదీ కదలదు, ఎందుకంటే ఆ మాటల్ని మనసులో ఇప్పటికే వెయ్యిసార్లు అనుకుని ఉంటాం. అలాంటి వాక్యం పడగానే 'ఏ రోజు?' అని మిమ్మల్ని మీరు అడగండి. అప్పుడు ఇలా మారుతుంది:

'ఆ రోజు రిజల్ట్స్ చూసుకుని పరిగెత్తుకుంటూ వచ్చాను నాన్నా. నువ్వు ఫోన్‌లో ఉన్నావు. చెయ్యి ఊపి బయటికి పొమ్మన్నావు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. నువ్వు ఫోన్ పెట్టేశావు, నన్ను చూశావు, ఏంటని అడగలేదు. చొక్కా వేసుకుని వెళ్ళిపోయావు. ఆ తర్వాత ఏ మంచి వార్తా నీకు ముందు చెప్పలేదు నేను. చెప్పాలని మాత్రం ప్రతిసారీ అనిపించింది.'

చివరి వాక్యం చూడండి. కోపంతో మొదలైన ఉత్తరం 'చెప్పాలని అనిపించింది' దగ్గరికి వచ్చింది. ఆ అబ్బాయి నాన్నని ద్వేషించడం లేదు, నాన్న కోసం ఎదురుచూస్తున్నాడు. ఈ మలుపు బలవంతాన తెస్తే రాదు, గుమ్మం, ఫోను, చొక్కా లాంటి చిన్న చిన్న సంగతులు రాస్తూ పోతే వస్తుంది. సాధారణంగా కోపం కింద బాధ ఉంటుంది, బాధ కింద భయమో సిగ్గో ఉంటుంది, ఇంకా కిందికి వెళ్తే ఆ మనిషి నుంచి మనం కోరుకున్నది ఏదో దొరుకుతుంది. కోపం రాయకుండా నేరుగా ప్రేమ రాయాలని చూడకండి, అలాంటి ఉత్తరాలు మర్యాదగా ఉంటాయి గానీ మందు పనిచేయదు.

ఏడుపొస్తే ఏడవండి, రాస్తూనే ఏడవండి. అయితే గుండె దడదడలాడి, ఊపిరాడనట్టయి, మీరు ఆ పాత గదిలోకి వెళ్ళిపోయినట్టు అనిపిస్తే వెంటనే ఆపేయండి. పాదాలు నేలకి ఆనించి, గదిలో కనిపించే వస్తువుల పేర్లు పైకి చదవండి. ఆ రోజుకి అంతే. ఆపడంలో ఓటమేమీ లేదు.

టైము అవ్వగానే, మధ్యలో ఉన్నా సరే, ముగింపుకి రండి. చివర్లో మూడు సంగతులు ఉండేలా చూసుకుంటే మంచిది: నీ దగ్గర నాకేం కావాల్సి వచ్చింది, అది నాకు దొరకలేదు (లేదా దొరికింది), ఇక ముందు నేను ఏం మోయను. ఆఖర్న మీ పేరు రాయండి, తేదీ వేయండి.

క్షమాపణ అడిగే ఉత్తరం

తప్పు మనవైపు ఉన్నప్పుడు పద్ధతి కొంచెం మారుతుంది. జపాన్‌లో ఇషిన్ యోషిమోతో రూపొందించిన నైకాన్ అనే ఆత్మపరిశీలన పద్ధతిలో మూడు ప్రశ్నలుంటాయి: ఈ మనిషి నుంచి నేనేం పొందాను, ఈ మనిషికి నేనేం ఇచ్చాను, ఈ మనిషికి నా వల్ల ఏ కష్టం కలిగింది. 'వాళ్ళు నాకేం కష్టం కలిగించారు' అనే నాలుగో ప్రశ్న ఉండదు, అది మనకి ఎవరూ అడక్కుండానే వస్తుంది కాబట్టి. ఈ మూడింటికీ వరసగా జవాబులు రాసుకుంటూ వెళ్తే క్షమాపణ ఉత్తరం దాదాపు తయారైనట్టే.

'అక్కా, అమ్మ హాస్పిటల్లో ఉన్నన్ని రోజులూ నువ్వొక్కదానివే చూసుకున్నావు. నేను ఆఫీసులో పనుందని చెప్పాను. పని ఉంది, అంత లేదు. అమ్మని అలా చూడలేక తప్పించుకున్నాను. నువ్వు కూడా చూడలేకే చూశావని నాకు అప్పుడు తట్టలేదు.'

ఇందులో 'కానీ' లేదు. మీ ఉత్తరంలో 'కానీ' వచ్చిన ప్రతిచోటా ఆగి చూడండి, దాని వెనక సాకు ఉంటుంది. ఆ అక్క బతికే ఉంటే, ఉత్తరం కాల్చేసి చేతులు దులుపుకోవడం కుదరదు. పంపని ఉత్తరం మన సిగ్గుని దించుతుంది, ఆ తర్వాత వెళ్ళి కలవాలి, ఇవ్వాల్సింది ఉంటే ఇవ్వాలి. మనల్ని చూస్తేనే వాళ్ళకి మళ్ళీ గాయమవుతుందంటే మాత్రం దూరంగా ఉండటమే మర్యాద, అప్పుడు ఆ రుణం ఇంకెవరికో చేసే సాయంగా తీర్చుకోవచ్చు.

ఐదో అడుగు: మళ్ళీ రాయడం, జవాబు రాయడం

పెద్ద గాయాలు ఒక్క ఉత్తరంతో తీరవు. వరసగా 3, 4 రోజులు రాయండి, అదే మనిషికి, అదే విషయం, కానీ నిన్నటి కాగితం చూడకుండా. రెండో రోజుకి ఇంకొంచెం లోపలికి వెళ్తారు. మూడో రోజుకి 'ఎందుకంటే', 'ఇప్పుడర్థమవుతోంది' లాంటి మాటలు రావడం మొదలవుతాయి. ఇలాంటి మాటలు రోజురోజుకీ పెరిగినవాళ్ళకే రాయడం వల్ల ఎక్కువ మేలు జరిగిందని పెన్నెబేకర్ తర్వాతి పరిశోధనల్లో గమనించాడు. రోజూ అవే తిట్లు, అదే వరస, అదే చోట ఆగిపోవడం జరుగుతుంటే దానర్థం మీరు తవ్వుతున్నారే గానీ ముందుకెళ్ళడం లేదు. అప్పుడు ఆపేసి ఎవరితోనన్నా మాట్లాడటం మేలు.

చివరిరోజు జవాబు రాయొచ్చు. మీరు ప్రేమించి పోగొట్టుకున్న మనిషి అయితే వాళ్ళే మీకు రాస్తున్నట్టు, వాళ్ళ మాటతీరులోనే రాయండి. అమ్మ 'పిచ్చిదానా' అనేదైతే ఆ మాటతోనే మొదలుపెట్టండి. ఈ భాగం దగ్గర చాలామంది కదిలిపోతారు, వాళ్ళ ప్రేమ ఇంకా మనలో ఎంత స్పష్టంగా ఉందో అప్పుడు తెలుస్తుంది. మిమ్మల్ని హింసించిన మనిషి తరఫున మాత్రం జవాబు రాయకండి. వాళ్ళ గొంతుకి మీ కాగితం మీద చోటు ఇవ్వక్కర్లేదు. బదులుగా, మీరు పిలిచిన సాక్షి మీకేం చెబుతారో రాయండి.

ఆరో అడుగు: పైకి చదవడం

ఒక్కసారి, పైకి, నెమ్మదిగా చదవండి. ఎదురుగా ఖాళీ కుర్చీ వేసుకుని ఆ మనిషి అందులో ఉన్నట్టు అనుకుని చదవొచ్చు, గెస్టాల్ట్ థెరపీ అనే మానసిక చికిత్సలో ఫ్రిట్జ్ పెర్ల్స్ ఖాళీ కుర్చీ పద్ధతిని వాడి ప్రాచుర్యంలోకి తెచ్చాడు. గొంతు ఎక్కడ పట్టేసిందో గమనించండి, ఆ వాక్యాన్ని రెండోసారి చదవండి. ఇంకొకరికి వినిపించాలనిపిస్తే సలహా ఇవ్వకుండా వినగలిగే మనిషినే ఎంచుకోండి, అలాంటివాళ్ళు ఎవరూ లేకపోతే సాక్షి చాలు.

ఏడో అడుగు: కాగితాన్ని వదిలేయడం

రాసినదాన్ని ఏదో ఒకటి చేయడం వల్ల నిజంగా తేడా ఉంటుందా అంటే, ఉంటుంది. తమని బాధపెట్టిన అనుభవాన్ని రాసి కవర్లో పెట్టి మూసేసినవాళ్ళకి, అలా మూయనివాళ్ళ కన్నా ఆ బాధ తగ్గిందని షియుపింగ్ లీ, లియువాన్ వెయ్, దిలీప్ సోమన్ అనే పరిశోధకులు 2010లో ప్రచురించారు. 2024లో జపాన్‌లోని నగోయా యూనివర్సిటీ వాళ్ళు ఇంకో సంగతి చూపించారు: అవమానం జరిగినప్పుడు మనసులో ఏముందో కాగితం మీద రాసి, దాన్ని చెత్తబుట్టలో పడేసినవాళ్ళకీ, ముక్కలు చేసినవాళ్ళకీ కోపం దాదాపు మామూలు స్థాయికి దిగిపోయింది, కాగితం దగ్గరే ఉంచుకున్నవాళ్ళకి అంతగా తగ్గలేదు. క్రతువులు చేసేవాళ్ళకి ఎప్పట్నుంచో తెలిసిన విషయమే ఇది, చేతులు చేసిన పనిని మనసు నమ్ముతుంది.

కోపం ఉత్తరాలు కాల్చండి, లేదా సన్నగా చించేయండి. కాల్చేటప్పుడు ఆరుబయట, ఇనప గిన్నెలో, పక్కన బకెట్టు నీళ్ళు పెట్టుకుని, ఒక్కో కాగితం చొప్పున. గాలి బాగా వీస్తుంటే ఆ రోజు మానేయండి. పరదాలున్న గదిలో, గ్యాస్ పొయ్యి మీద వద్దు. ఆఖరి ముక్క ఆరేదాకా అక్కడే ఉండండి.

దుఃఖం ఉత్తరాలకి మట్టి బాగుంటుంది. పిన్నులు, ప్లాస్టిక్ లేకుండా మడతపెట్టి కుండీలోనో చెట్టు మొదట్లోనో పాతిపెట్టొచ్చు, పైన ఒక మొక్క నాటొచ్చు. నీళ్ళలో వదలాలని ఉంటే చెరువులో, నదిలో వేయకండి, ఇంట్లోనే ఒక గిన్నెడు నీళ్ళలో నానబెట్టి, చేత్తో పిసికి గుజ్జు చేసి మట్టిలో కలిపేయండి. ఆ పిసకడం కూడా ఒక రకంగా మంచిదే, మీ అక్షరాలు మీ వేళ్ళ మధ్యే కరిగిపోవడం చూస్తారు.

ప్రేమతో, కృతజ్ఞతతో రాసినవి దాచుకోండి. వదిలేసేటప్పుడు ఏదో ఒకటి అనండి: 'ఇది నాది కాదు ఇక', 'నువ్వు వెళ్ళు, నేను ఉంటాను', 'నీకే అప్పగిస్తున్నాను స్వామీ'. తర్వాత దీపం కొండెక్కనివ్వండి, లేదా కిటికీ వేయండి. మొదలుపెట్టినట్టే ముగించినట్టు మనసుకి తెలియాలి.

రాశాక మొదటి గంట, మొదటి వారం

మొహం కడుక్కోండి, మంచినీళ్ళు తాగండి, కొంచెం దూరం నడవండి. పాత ఫొటోలు చూడకండి, ఆ మనిషి ప్రొఫైల్ తెరవకండి. ఆ రోజు ఎవరితోనూ పెద్ద మాటలు పెట్టుకోకండి, పెద్ద నిర్ణయాలు తీసుకోకండి. దిగులుగా, నీరసంగా ఉండొచ్చు, కొందరికి విపరీతంగా నిద్రొస్తుంది. ఇది కొన్ని గంటలుంటుంది, ఎక్కువైతే ఒకట్రెండు రోజులు. రెండు వారాలు దాటినా అలాగే ఉంటే డాక్టరుని కలవండి.

అందరికీ ఒక ప్రమాదం ఉంటుంది: ఎంత బాగా రాశామో చూసుకున్నాక పంపాలనిపిస్తుంది. కనీసం ఒక వారం ఆగండి. అప్పటికీ ఏదో చెప్పాల్సిందేనని అనిపిస్తే ఆ ఉత్తరం పంపకండి, వేరే ఉత్తరం రాయండి, చిన్నది, అవతలి మనిషి చదువుతారని తెలిసి రాసేది. మొదటిదానిలో ఉన్న పది పేజీల్లోంచి అందులోకి వచ్చేది బహుశా నాలుగు వాక్యాలే.

క్షమించడం గురించి

చాలామంది ఈ పద్ధతి చెప్పేటప్పుడు చివర్లో 'నిన్ను క్షమిస్తున్నాను' అని రాయాలంటారు. నేను ఒప్పుకోను. రాకపోతే రాయొద్దు. సాక్షి ముందు కూర్చుని అబద్ధం రాస్తే ఆ క్రతువుకి విలువేముంది? క్షమించలేదని నిజం రాయండి, 'ఇంకా కోపంగానే ఉంది, కానీ రోజంతా నీ గురించే ఆలోచించడం నాకిష్టం లేదు' అని రాయండి. దేవుడి దగ్గర దాపరికం లేకుండా ఉండటమే భక్తి అయితే, ఆ వాక్యం ఏ ప్రార్థనకీ తీసిపోదు. క్షమ వస్తే ఎప్పుడో, వేరే పనిలో ఉండగా వస్తుంది. కొందరి విషయంలో అసలు రాదు, రాకపోయినా మనిషి బాగుపడొచ్చు.

పని చేస్తోందని ఎలా తెలుస్తుంది

ఒక్కసారిగా ఏమీ తెలీదు. ఆ పేరు వినిపించినప్పుడు కడుపులో పట్టేసే బాధ కొంచెం ఆలస్యంగా వస్తుంది, త్వరగా పోతుంది. జరిగింది ఎవరికన్నా చెప్పాల్సి వస్తే కథ చిన్నదవుతుంది. స్నానం చేస్తున్నప్పుడు ఆ డైలాగులు తిరగడం మానేసి, సాయంత్రం ఏం పనుందో గుర్తొస్తుంది. ఒక నెల తర్వాత మనసులోకి తొంగి చూసుకోండి, ఏమాత్రం తేడా లేకపోతే ఈ పద్ధతి మీది కాదేమో, పాట, నడక, ప్రార్థన, థెరపీ, దారులు వేరే ఉన్నాయి.

తేడా కనిపించి, అదే మనిషికి మళ్ళీ రాయాలనిపిస్తే నెలకోసారి కన్నా ఎక్కువ వద్దు. పోయినవాళ్ళకైతే పుట్టినరోజునో, పోయిన రోజునో రాసుకోవచ్చు. ఆ ఉత్తరాలు వేరే రకం, అరపేజీ చాలు, మామూలు కబుర్లే ఉంటాయి: చిన్నోడికి ఉద్యోగం వచ్చింది, నీ చేతి గడియారం రిపేరు చేయించి నేనే పెట్టుకుంటున్నాను, మోకాలి నొప్పి తగ్గింది. వీటిని కాల్చక్కర్లేదు, తేదీ వేసి ఒక కవర్లో పెట్టుకుంటూ పోండి. ఇంట్లో ఎవరన్నా చదువుతారని టెన్షన్ ఉంటే 'తెరవొద్దు' అని పైన రాసి తాళం వేసే చోట పెట్టండి.